డేగ రెక్కలూ, గడువు ఉద్యోగాలూ

(కోటబొమ్మాళిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కోటబొమ్మాళి నాకు కొత్త కాదు. మా అమ్మమ్మగారి ఊరు ఇక్కడికి ఆరేడు మైళ్ళు. చిన్నప్పుడు కొత్తమ్మ తల్లి జాతరకి బండి కట్టుకుని వచ్చేవాళ్ళం. ఈసారి సభకి రెండు రోజులు ముందే వచ్చి బంధువుల ఇంట్లో దిగాను. తెల్లవారుజామున నాలుగున్నరకి రోడ్డు మీద దబదబా అడుగుల చప్పుడికి మెలకువ వచ్చింది. బయటికి వెళ్ళి చూస్తే పదిహేను, ఇరవై మంది పిల్లలు పరుగెత్తుతున్నారు. మన జిల్లాలో ఇది వింత కాదు. ఉద్దానంలో, టెక్కలి చుట్టుపక్కల సైన్యంలో పనిచేసే మనిషి లేని ఊరు దొరకడం కష్టం. వింత ఏమిటంటే ఆ గుంపులో ముగ్గురు ఆడపిల్లలున్నారు. మా రోజుల్లో ఆ వేళప్పుడు ఆడపిల్ల రోడ్డు మీద పరుగెడితే వెనక ఎవరో తరుముతున్నారనుకునేవాళ్ళు.

ఆ ముగ్గురిలో ఒకమ్మాయి మా బంధువుల ఎదురింటి పిల్లే. ఇంటర్మీడియట్ చదువుతోంది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే గోడకి అంటించిన ఒక పేపరు కటింగ్ చూపించింది. 2025 జూలై 3న విశాఖపట్నంలోని ఐ.ఎన్.ఎస్. డేగలో తీసిన ఫోటో అది. సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా అనే యువతి ఆ రోజు 'వింగ్స్ ఆఫ్ గోల్డ్' అనే బంగారు రెక్కల బిళ్ళ అందుకుంది. నౌకాదళంలో యుద్ధ విమానాల విభాగానికి ఎంపికైన మొదటి స్త్రీ ఆమె. "నానూ ఇలగ ఎగరొచ్చా మేడమ్?" అని అడిగింది ఆ పిల్ల. నేను జవాబు చెప్పేలోపే పొయ్యి దగ్గర నుంచి వాళ్ళమ్మ అడిగింది: "నాలుగేళ్ళు సేయించుకొని పంపేస్తారట గదమ్మా, ఆ తరవాత ఇదేటి సేస్తాది?"

కూతురు అడిగింది రెక్కల గురించి. తల్లి అడిగింది గడువు గురించి. మన పత్రికలూ ప్రభుత్వమూ కూతురి ప్రశ్నకి మాత్రమే జవాబు చెబుతూ వచ్చాయి. స్త్రీల ఉద్యమాల్లో ఉన్న మనం కూడా చాలాసార్లు అక్కడే ఆగిపోయాం. ఈ రోజు తల్లి ప్రశ్న వైపు నుంచి నౌకాదళ వైమానిక విభాగం గురించి మాట్లాడతాను.

నౌకాదళానికి విమానాలెందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఓడ మీద నుంచి కనిపించే దూరం తక్కువ. సముద్రం మీద ఎవరు వస్తున్నారో, నీళ్ళ కింద ఏం కదులుతోందో ముందే తెలియాలంటే పైనుంచి చూడాలి. అందుకని నౌకాదళం సొంతంగా నిఘా విమానాలూ, హెలికాప్టర్లూ, విమానవాహక నౌకల మీద నుంచి ఎగిరే యుద్ధ విమానాలూ నడుపుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక 1953 మే 11న కొచ్చిలో దీనికి మొదటి స్థావరం ఏర్పడింది. దాని పేరు గరుడ. తర్వాత వచ్చిన స్థావరాలకీ పక్షుల పేర్లే పెట్టారు. గోవాలో హంస, తమిళనాడు అరక్కోణంలో రాజాళి. 1991 అక్టోబరులో విశాఖలో ప్రారంభమైన స్థావరానికి డేగ అని మన తెలుగు మాట పెట్టారు.

ఈ డేగ మనకేదో దూరపు సంగతి అనుకోవద్దు. విశాఖ విమానాశ్రయం నేల నౌకాదళానిదే. పౌర విమానాలు ఏళ్ళ తరబడి అందులో ఒక పక్కన నడిచాయి. ఆకాశంలో ఉన్న విమానానికి ఎంత ఎత్తులో రావాలో, ఎప్పుడు దిగాలో చెప్పే పని, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, నౌకాదళ అధికారులే చూశారు. మీలో ఎవరైనా కొడుకునో తమ్ముణ్ణో గల్ఫు దేశాలకి విశాఖలో విమానం ఎక్కించి ఉంటే, ఆ విమానం క్షేమంగా లేచేలా చూసింది వాళ్ళే. నౌకాదళంలో ఈ పనిలో స్త్రీలు 1990ల నుంచీ ఉన్నారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి తెరచాప పడవ తారిణి మీద బయల్దేరి, 254 రోజుల్లో భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు నౌకాదళ స్త్రీల పేర్లు విన్నారు కదా. వారిలో లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి విశాఖ అమ్మాయి. ఆవిడ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అధికారే. పడవ ఫోటోలు మనందరికీ గుర్తున్నాయి. ఆవిడ చేసే ఉద్యోగం షరతులేమిటి అని మనలో ఎంతమందిమి అడిగాం?

ఇప్పుడు ఈ విభాగంలోకి తలుపులు ఎలా తెరుచుకున్నాయో వరసగా చూద్దాం. ఆ వరసలోనే ఒక పాఠం ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం భారతీయ నౌకాదళంలో స్త్రీల విభాగం ఒకటి నడిపింది. మగవాళ్ళు ఓడల మీదికి వెళ్ళాలంటే ఒడ్డు మీది పనులకి మనుషులు కావలసి వచ్చారు. యుద్ధం అయిపోయింది, ఆ విభాగాన్ని రద్దు చేశారు. అవసరం ఉన్నంతకాలం రమ్మని, తీరాక ఇంటికి పంపడం అప్పటి నుంచే ఉంది. స్వాతంత్ర్యం తర్వాత చేసిన 1957 నౌకాదళ చట్టం తొమ్మిదో సెక్షన్‌లో, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇచ్చిన శాఖల్లో తప్ప స్త్రీలు నౌకాదళంలో చేరడానికి అర్హులు కారని రాశారు. రాజ్యాంగం సమానత్వం అని చెప్పిన ఏడేళ్ళకే ఈ చట్టం వచ్చింది. అలాంటి నోటిఫికేషన్ రావడానికి 1991 అక్టోబరు దాకా పట్టింది. లాజిస్టిక్స్, న్యాయ, విద్యా శాఖలు తెరిచారు. 1992లో మొదటి జట్టు స్త్రీలు అధికారులుగా వచ్చారు.

వైమానిక విభాగంలో మొదట తెరిచింది నేల మీది పని, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్. విమానాన్ని దించే బాధ్యత ఇచ్చారు కానీ విమానం ఎక్కనివ్వలేదు. 2009 నవంబరులో ఇద్దరు స్త్రీలు అబ్జర్వర్లుగా శిక్షణ పూర్తి చేశారు. అబ్జర్వర్ అంటే సముద్ర నిఘా విమానంలో వెనక కూర్చుని రాడార్లూ ఇతర పరికరాలూ చూసి, ఏం జరుగుతోందో తేల్చే అధికారి. అంటే విమానం ఎక్కనిచ్చారు, నడపనివ్వలేదు. మొదటి స్త్రీ పైలట్ సబ్ లెఫ్టినెంట్ శివాంగి కొచ్చిలో రెక్కల బిళ్ళ అందుకునేసరికి 2019 డిసెంబరు 2 వచ్చింది. 2020 సెప్టెంబరు 21న ఓడల మీద నుంచి ఎగిరే హెలికాప్టర్లకి ఇద్దరు స్త్రీ అబ్జర్వర్లను ఎంపిక చేశారు. వారిలో రీతి సింగ్ హైదరాబాదు అమ్మాయి. 2022 ఆగస్టు 3న పోర్‌బందర్‌లోని ఒక దళానికి చెందిన అయిదుగురు స్త్రీలు, మగ అధికారి లేకుండా, డోర్నియర్ విమానంలో అరేబియా సముద్రం మీద నిఘా పని పూర్తి చేసి వచ్చారు. ఆ తర్వాతే 2025 జూలైలో మన డేగలో యుద్ధ విమానాల తలుపు.

నేల, వెనక సీటు, ముందు సీటు, ఓడ, యుద్ధ విమానం. ఒక్కొక్క మెట్టుకీ ఒక్కొక్క కారణం చెప్పారు. శరీరం తట్టుకోదన్నారు. నెలల తరబడి ఓడ మీద మగవాళ్ళ మధ్య ఉండడం కుదరదన్నారు. రష్యాలో తయారైన కొన్ని ఓడల్లో స్త్రీలకి స్నానాల గదులు లేవని సుప్రీంకోర్టు దాకా వెళ్ళి వాదించారు. కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. స్నానాల గది లేకపోతే కట్టించాలి గానీ మనిషిని బయట ఉంచుతారా? మన ఊళ్ళ బళ్ళలో మరుగుదొడ్లు లేవని పెద్దమనిషైన ఆడపిల్లని చదువు మాన్పించిన వాదన ఇదే కదా. అది ఊళ్ళో చెబితే వెనకబాటుతనం, కోర్టులో చెబితే విధానం.

అన్నిటికంటే పెద్ద కారణం ప్రమాదం అన్నారు. స్త్రీని ప్రమాదంలోకి పంపలేం, దేశం తట్టుకోదు అన్నారు. 2015 మార్చి 24 రాత్రి గోవా తీరానికి దూరంగా ఒక నౌకాదళ డోర్నియర్ విమానం సముద్రంలో కూలిపోయింది. చనిపోయిన ఇద్దరిలో లెఫ్టినెంట్ కిరణ్ షెకావత్ ఒకరు. రాజస్థాన్ కుటుంబం, చదువుకున్నది విశాఖలో. ఆ ఏడాది జనవరి 26న ఢిల్లీ పరేడ్‌లో నడిచిన నౌకాదళ స్త్రీల దళంలో ఆమె ఉంది. రెండు నెలలు తిరక్కుండా విధి నిర్వహణలో చనిపోయింది. అలా చనిపోయిన మొదటి నౌకాదళ మహిళా అధికారి అని పత్రికలు రాశాయి. ఆమె అబ్జర్వర్. ఆ తేదీ నాటికి నౌకాదళంలో స్త్రీ పైలట్ కావడానికి వీల్లేదు. విమానం కూలినప్పుడు ముందు సీటనీ వెనక సీటనీ సముద్రం చూడలేదు. చావులో సమానత్వం అప్పటికే ఇచ్చేశారు, ఉద్యోగంలోనే ఇవ్వలేదు.

ఇక తలుపు లోపలి సంగతి. ఇక్కడే తల్లి ప్రశ్న వస్తుంది.

1992 నుంచి స్త్రీలని తీసుకున్నది షార్ట్ సర్వీస్ కమిషన్ కింద. అంటే గడువు ఉద్యోగం. మొదట కొన్నేళ్ళు, పొడిగిస్తూ పోతే మొత్తం పద్నాలుగేళ్ళు. అధికారికి పింఛను రావాలంటే ఇరవై ఏళ్ళ సర్వీసు ఉండాలి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకి చేరిన స్త్రీ ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడేళ్ళకి బయటికి వస్తుంది. పిల్లలు బడిలో ఉంటారు. పింఛను లేదు. ఆమెతో పాటు పనిచేసి శాశ్వత కమిషన్‌లో ఉన్న మగ అధికారి పైకి వెళ్తూ ఉంటాడు. శాశ్వత కమిషన్ సంగతి తర్వాత చెబుతామన్నారు. ఏళ్ళు గడిచాయి. 2008 సెప్టెంబరులో చెప్పారు. విద్య, న్యాయ, నౌకా నిర్మాణ విభాగాల్లో, అదీ ఇకముందు చేరేవాళ్ళకే అన్నారు. అప్పటికే పదేళ్ళు పన్నెండేళ్ళు పనిచేసిన స్త్రీలు, దారి వేసిన స్త్రీలు, ఆ లెక్కలో లేరు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 2000 ప్రాంతంలో నేను విశాఖలో పి.జి. చదివేటప్పుడు నా రూమ్మేటు నౌకాదళ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఉద్యోగాల ప్రకటన కత్తిరించి దాచుకుంది. చురుకైన పిల్ల, లెక్కల్లో మంచి మార్కులు. ఇంటికి వెళ్ళి వాళ్ళ నాన్నకి చూపించింది. ఆయన రైల్వేలో చిన్న ఉద్యోగి. కళ్ళద్దాలు పెట్టుకుని ప్రకటన మొత్తం చదివి, "ఇది పర్మనెంటు కాదమ్మా" అని తిరిగి ఇచ్చేశాడట. పిల్ల ఏడుస్తూ హాస్టలుకి వచ్చింది. అప్పుడే కొత్తగా స్త్రీవాద సాహిత్యం చదువుతున్న రోజులు. పితృస్వామ్యం అంటే ఇదే అని నేను ఆయన్ని తెగ తిట్టాను. ఆయన మాటలో కూతురి పెళ్ళి గురించిన భయం కూడా ఉండే ఉంటుంది, కాదనను. కానీ ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే ఆ ప్రకటనని నా కంటే ఆయనే సరిగ్గా చదివాడు. నేను 'స్త్రీలు అర్హులు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆయన షరతుల దాకా చదివాడు.

షరతుల దాకా చదివిన స్త్రీలు కొందరు కోర్టుకి వెళ్ళారు. లెఫ్టినెంట్ కమాండర్ యానీ నాగరాజా, మరికొందరు అధికారులు వేసిన కేసు అది. 2015 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు వారి వైపు తీర్పు ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2020 మార్చి 17న జస్టిస్ చంద్రచూడ్ రాసిన తీర్పు వచ్చింది. విద్య, న్యాయ, లాజిస్టిక్స్ విభాగాల్లో అప్పటికి ఉద్యోగంలో ఉన్న షార్ట్ సర్వీస్ అధికారులని శాశ్వత కమిషన్‌కి పరిశీలించమని ఆదేశించింది. పత్రికలన్నీ 'నౌకాదళ స్త్రీల విజయం' అని రాశాయి. విజయమే. కానీ అదే తీర్పులో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అధికారుల గురించి చెప్పిన భాగం మీద చర్చ జరగలేదు. మనకి పనికొచ్చే పాఠం నా దృష్టిలో అక్కడే ఉంది.

ఆ భాగంలో రెండు గుంపుల స్త్రీలున్నారు. పని ఒకటే, ఆకాశం ఒకటే. మొదటి గుంపుకి శాశ్వత కమిషన్ పరిశీలన రాదని కోర్టు చెప్పింది. ఎందుకంటే ఆ విభాగంలో షార్ట్ సర్వీసులో చేరిన మగవాళ్ళకీ శాశ్వత కమిషన్ లేదు, మగవాళ్ళని నేరుగా శాశ్వత కమిషన్‌లోకి తీసుకోవడమూ లేదు. పోల్చడానికి మగవాడు లేకపోతే వివక్ష అని ఎలా అంటాం అన్నది తర్కం. అయితే ఇన్నేళ్ళ సర్వీసు గుర్తించి, రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేక అధికారంతో, ఈ ఒక్కసారికి వారికి పింఛను ప్రయోజనాలు ఇమ్మంది. రెండో గుంపు స్త్రీలని మాత్రం శాశ్వత కమిషన్‌కి పరిశీలించాల్సిందే అంది. తేడా ఎక్కడ? వాళ్ళు చేరడానికి ముందు వెలువడిన ప్రకటనలో శాశ్వత కమిషన్‌కి పరిశీలిస్తామని రాసి ఉంది. అంతే. ప్రకటనలో ఉన్న ఆ వాక్యాన్ని పట్టుకుని వాళ్ళు నిలబడ్డారు.

మిత్రులారా, సమానత్వ హక్కు రాజ్యాంగంలో ఉంది. కానీ ఒక స్త్రీ ముసలితనం ఎలా గడుస్తుందన్నది నోటిఫికేషన్‌లో ఒక వాక్యం ఉండడం మీదా, లేకపోవడం మీదా ఆధారపడింది. మొదటి గుంపు విషయంలో కోర్టు వాడిన తర్కం కూడా గమనించండి. మగవాడితో పోల్చి చూస్తేనే హక్కు కనిపిస్తుంది. అక్కడ శాశ్వత హోదా ఉన్న మగవాడు లేకపోతే మన హక్కు కూడా మాయమవుతుంది. ఒక పనిని అందరికీ గడువు పనిగా మార్చేస్తే ఇక వివక్ష అన్న మాటే రాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మన ఊరి పిల్లల దగ్గరికి ఇప్పుడు వస్తున్నది ఇదే.

2022లో అగ్నిపథ్ పథకం వచ్చింది. నౌకాదళంలో అధికారులుగా కాక నావికులుగా స్త్రీలని తీసుకోవడం మొదలైంది కూడా అప్పుడే. మొదటి జట్టులో 273 మంది యువతులు ఒడిశాలో మనకి దగ్గర్లోని ఐ.ఎన్.ఎస్. చిల్కలో శిక్షణ పూర్తి చేసి 2023 మార్చి 28న బయటికి వచ్చారు. వైమానిక స్థావరాల్లో విమానం మరమ్మతు దగ్గర నుంచి అది కదలడానికి కావలసిన నేల పని అంతా నావికుల చేతుల మీదే జరుగుతుంది. తరతరాలుగా మగవాళ్ళు ఆ పని శాశ్వత ఉద్యోగంగా చేశారు, పింఛను తీసుకున్నారు. స్త్రీకి ఆ తలుపు తెరిచిన ఏడాదే ఆ ఉద్యోగం నాలుగేళ్ళ ఉద్యోగమైంది. నాలుగేళ్ళ తర్వాత నూటికి ఇరవై అయిదు మంది దాకా ఉంచుకుంటారు. మిగతావాళ్ళు సుమారు 11.71 లక్షల సేవానిధి తీసుకుని ఇంటికి వస్తారు. అందులో వాళ్ళ జీతంలో కోసిన డబ్బు కూడా ఉంది. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. ఆ నాలుగేళ్ళూ పెళ్ళి చేసుకోకూడదు. మగపిల్లలకీ ఇవే షరతులు. కాబట్టి వివక్ష లేదంటారు. నిజమే, ఇద్దరికీ సమానంగా లేదు.

ఈ కథ మనకి కొత్తదా? పలాస జీడి పరిశ్రమలో ఎన్ని వేల మంది స్త్రీలు కిలో లెక్కన కూలికి పప్పు ఒలుస్తూ, జీడి రసానికి వేళ్ళు కాలి జీవితం గడిపారో మీకు నేను చెప్పాలా? ఇన్నేళ్ళు చేసినా 'రోజు కూలీ'యే. అంగన్‌వాడీ అక్కలు ఈ సభలోనే ఉన్నారు. వాళ్ళది ఉద్యోగం కాదు, 'గౌరవ వేతనం'. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, వాళ్ళకీ గ్రాట్యుటీ హక్కు ఉందని. 2023 డిసెంబరు 12 నుంచి మన రాష్ట్రంలో వాళ్ళు 42 రోజులు సమ్మె చేశారు. అడిగిన వాటిలో గ్రాట్యుటీ ఒకటి. ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. జీతం ఇచ్చేటప్పుడు స్వచ్ఛంద సేవకురాలు, సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవల ఉద్యోగి! రాడార్ ముందు కూర్చున్న అధికారికీ, పప్పు ఒలిచే కూలికీ మధ్య చదువులో, జీతంలో, గౌరవంలో ఎంతో దూరం ఉంది. దాన్ని చిన్నది చేసి చెప్పను. కానీ స్త్రీ శ్రమ తాత్కాలికం, ఆమె అసలు చోటు ఇల్లు అన్న భావన మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇక్కడ మీలో కొందరి మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. యుద్ధం వద్దనే మనం యుద్ధ విమానాల్లో స్త్రీల హక్కు గురించి ఎందుకు మాట్లాడాలి? ఈ ప్రాంతంలో ఆ ప్రశ్నకి ఇంకా బరువుంది. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న ఇక్కడికి దగ్గర్లోని కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలకి వ్యతిరేకంగా నిలబడ్డ జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి. మనుషులు చనిపోయారు. ఆ పోరాటాల్లో ముందు నిలబడింది స్త్రీలే. యూనిఫారం చూస్తే వాళ్ళకి గర్వం కంటే ముందు ఆ రోజు గుర్తొస్తుంది. అది సహజం.

నా జవాబు ఇది. స్త్రీ పైలట్ అయినంత మాత్రాన యుద్ధం మంచిదైపోదు. ఆ ఫోటో చూపించి దేశంలో స్త్రీలందరికీ సమానత్వం వచ్చిందని ఎవరైనా అంటే మనం ఒప్పుకోనక్కర్లేదు. కానీ యుద్ధం వద్దనే నా అభిప్రాయం వల్ల, పద్నాలుగేళ్ళు పనిచేసిన మనిషికి పింఛను వద్దనే హక్కు నాకు రాదు. పైగా మన జిల్లా పిల్లలు సైన్యంలోకి వెళ్తున్నది యుద్ధం మీద మోజుతో కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ పడగొట్టింది. ఒక రాత్రిలో పాతికేళ్ళ తోట పోయింది. తోట పోయిన ఇంట్లో పిల్ల పరుగెత్తక ఏం చేస్తుంది? ఆ పిల్లకి 'యుద్ధం తప్పు' అని ఉపన్యాసం చెప్పి వచ్చేస్తే నా మనసుకి బాగుంటుంది. ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు.

మరి ఏం చేయాలి? స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మీరు ఉపాధి హామీ మస్టర్లు చదవడం నేర్పారు, రేషన్ కార్డు నిబంధనలు చదవడం నేర్పారు. అలాగే ఉద్యోగ ప్రకటన చదవడం నేర్పండి. ఒకటి, ఎన్నేళ్ళ ఉద్యోగం, పొడిగింపు ఎవరి ఇష్టం? రెండు, శాశ్వత హోదాకి పరిశీలిస్తామన్న వాక్యం ఉందా? మూడు, పింఛనుకి కావలసిన ఏళ్ళు ఆ గడువులో నిండుతాయా? నాలుగు, పెళ్ళి గురించీ ప్రసూతి గురించీ ఏం రాశారు? అయిదు, బయటికి వచ్చేటప్పుడు చేతికి ఏ సర్టిఫికెట్ ఇస్తారు, అది బయట ఎక్కడ చెల్లుతుంది? చేరే ముందు ఆ ప్రకటన కాగితం భద్రంగా దాచుకోమని చెప్పండి. పైన చెప్పిన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ స్త్రీలకి చివరికి అండగా నిలిచింది ఆ కాగితమే.

ఇంకొక సంగతి. నావికురాలిగా చేరడం, పైలట్ కావడం వేరువేరు దారులు. ఈ విషయం పరుగెత్తే పిల్లల్లో చాలామందికి ఎవరూ చెప్పడం లేదు. పైలట్లు అధికారుల హోదాలో వస్తారు. ఇంజనీరింగ్ డిగ్రీ తర్వాత షార్ట్ సర్వీసులో వెళ్ళే దారి ఒకటి. ఇంటర్మీడియట్‌తోనే అధికారి శిక్షణకి వెళ్ళే దారి నేషనల్ డిఫెన్స్ అకాడమీ. దశాబ్దాల పాటు ఆ పరీక్ష మగపిల్లలకే. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తే ఆడపిల్లలు రాయగలిగారు. 2022లో చేరిన మొదటి జట్టులో 17 మంది 2025 మే 30న శిక్షణ పూర్తి చేశారు. అక్కడి నుంచి వెళ్ళేది గడువు ఉద్యోగానికి కాదు, శాశ్వత కమిషన్‌కి. నౌకాదళానికీ వైమానిక దళానికీ వెళ్ళాలంటే ఇంటర్మీడియట్‌లో లెక్కలూ, భౌతిక, రసాయన శాస్త్రాలూ ఉండాలి. అంటే పదో తరగతి అయిన వేసవిలోనే నిర్ణయం జరిగిపోతుంది. అన్నకి లెక్కల గ్రూపూ, చెల్లికి దగ్గర్లోని కాలేజీలో ఏది ఉంటే అదీ అని ఇంట్లో తేల్చేసిన రోజునే ఆ పిల్ల రెక్కలు కత్తిరించేస్తున్నాం. అక్కడ మనం జోక్యం చేసుకోగలం. దానికి సుప్రీంకోర్టు అక్కర్లేదు.

నాలుగేళ్ళ పథకం పిల్లలకి మంచిది కాదని చెప్పి ఊరుకోకండి. వెళ్ళే పిల్ల వెళ్తుంది. వెళ్ళిన పిల్ల తిరిగి వచ్చినప్పుడు ఊరు ఆమెని 'పంపేశారట' అని చూస్తుందా, 'పనిచేసి వచ్చింది' అని చూస్తుందా? ఆ చూపు మార్చడం మన పని. 2022 చివర్లో చేరిన మొదటి జట్టుకి నాలుగేళ్ళు నిండేది 2026 చివర్లో. ఆ పిల్లల్లో ఎంతమందిని ఉంచుకున్నారు, స్త్రీలెంతమంది, బయటికి వచ్చినవాళ్ళు ఏం చేస్తున్నారు అని లెక్క అడగడం కూడా మన పనే. సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది.

ఆ సాయంత్రం ఆ తల్లికి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. "కనుక్కుని చెబుతానమ్మా" అని వచ్చేశాను. ఆవిడ బడి చదువు చదువుకోలేదు. కానీ స్త్రీల ఉద్యోగాల గురించి నేను సెమినార్లలో విన్న చాలా ప్రశ్నల కంటే ఆవిడ ప్రశ్న సూటిగా ఉంది. ఈ సభ అయ్యాక వాళ్ళింటికి వెళ్తున్నాను. రెండు ప్రకటనలూ, నావికులదీ అకాడమీదీ, ప్రింటు తీయించి సంచిలో పెట్టుకున్నాను. తల్లీ కూతురూ నేనూ కూర్చుని మొదటి వాక్యం నుంచి చివరి షరతు దాకా చదువుతాం. ఆ తర్వాత ఏం చేయాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు.

మీరు కూడా మీ మీ ఊళ్ళలో అలా చదివించండి.